మౌస్ పట్టలేనోడు మనిషి కాడా?

బోరబండ రైల్వే స్టేషన్ దాటినంక వచ్చే స్టేషన్ హైటెక్ సిటీ. నడుమ ఇంకో స్టేషన్ లేదు. 2003లో ఎం.ఎం.టి.ఎస్. రైళ్ళు మొదలైన కాణ్ణుంచి మన బస్తీల ఆడోళ్ళు, మగోళ్ళు ఆ ఒక్క స్టేషన్ దూరం పోయి వస్తూనే ఉన్నారు. అద్దాల మేడలు ఊడ్చేది వాళ్ళే. గేటు కాడ నిలబడేది వాళ్ళే. క్యాంటీన్ల గిన్నెలు తోమేది వాళ్ళే. 1998 నవంబర్ 22న అప్పటి ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్ ప్రారంభించినప్పుడు, కంప్యూటర్ వచ్చింది, ఇగ అందరి బతుకులు మారుతయని ఊరూరా చెప్పుకున్నరు. మారినయి, కొందరివి. ఎవరివి మారినయి, ఎవరివి మారలేదు అనే లెక్క మనం అడుగుతూనే ఉన్నం. ఆ లెక్కలో ఎవరి నోటా రాని పద్దు ఒకటున్నది. మన వాడల్లో, మన బస్తీల్లో చూపులేని పిల్లలు. వాళ్ళ గురించే ఈ మాటలు.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వికలాంగులు 2 కోట్ల 68 లక్షలు. అందులో చూపు లోపం ఉన్నవాళ్ళు 50 లక్షల పైచిలుకు. అదే లెక్కల్లో ఇంకో సంగతి చూడండి. దేశం మొత్తం మీద వికలాంగులు నూటికి 2.21 మంది అయితే, షెడ్యూల్డు కులాల్లో నూటికి 2.45 మంది. ఈ తేడా దేవుడు పెట్టింది కాదు. కడుపుతో ఉన్న తల్లికి తిండి లేకపోవడం, పుట్టిన బిడ్డకు విటమిన్ ఏ అందకపోవడం, కంట్లో పువ్వేస్తే వేళకు డాక్టరు దొరకకపోవడం, కంకర మిషన్ల కాడ, వెల్డింగు షాపుల కాడ కళ్ళు పోవడం, ఇవన్నీ ఎవరి ఇండ్లల్లో ఎక్కువ జరుగుతయో మనకు ఒకరు చెప్పే పని లేదు. బీదతనం కండ్లు తీస్తది. ఆ బీదతనానికి కులం కాపలా కాస్తది.

అట్ల చూపు పోయిన పిల్లకు సమాజం ఏమిచ్చింది? గుడి మెట్ల మీద ఒక గిన్నె ఇచ్చింది. రైలు పెట్టెలో ఒక పాట ఇచ్చింది. ఇంట్లో మూలకు ఒక మంచం ఇచ్చింది. ప్రభుత్వం పింఛను ఇచ్చింది. తెలంగాణలో 2023 జూలై నుంచి వికలాంగుల పింఛను 4,016 రూపాయలు చేసిన్రు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలైలో 6,000 చేసిన్రు. అది కూడా ఊరికే రాలేదు. మంద కృష్ణ మాదిగ నాయకత్వంలో వికలాంగుల హక్కుల పోరాట సమితి వీల్ చైర్లతో, ఊతకర్రలతో రోడ్డెక్కింది. దండోరా నేర్పిన పోరాటం వికలాంగుల పోరాటానికి ఊపిరి పోసింది. పింఛను తిండి. తిండి కావల్సిందే. దాన్ని తక్కువ చేసి మాట్లాడేటోడు ఆకలి తెల్వనోడు. కానీ తిండి పెట్టినంక ‘మూలకు కూసో’ అనే సమాజానికి మేము ఒకటే చెప్పదలిచినం. పింఛను చాలదు. కీబోర్డు కావాలె.

ఒకనాటి వేలిముద్ర, ఈనాటి ఓటీపీ

మేము బడిపంతుళ్ళం. మా ఇండ్లల్లో డిగ్రీ దాకా చదివిన మొదటి తరం మేము. మా తాతలు కరణం చూపించిన చోట వేలిముద్ర వేసిన్రు. కాయితంలో ఏముందంటే కరణం చెప్పిందే. అప్పు పది అని చెప్పి వంద రాసినా తెల్వదు. రెండెకరాలు రాసిచ్చినట్టు రాసుకున్నా తెల్వదు. ఎన్ని భూములు ఆ బొటనవేలి కింద మాయమైనయో లెక్కలేదు. అందుకే మాకు చదువు అలంకారం కోసం రాలేదు. కరణం చేతుల నుంచి కాయితం గుంజుకునేందుకు వచ్చింది.

ఇయ్యాల చూపులేని తమ్ముడు నెట్ సెంటర్‌కు పోతడు. ఆధార్ నంబరు చెప్తడు. పుట్టిన తేదీ చెప్తడు. బ్యాంకు ఖాతా చెప్తడు. ఫోన్‌కు వచ్చిన ఓటీపీ కూడా నలుగురి నడుమ ఒర్రి చెప్తడు. తెర మీద ఏముందంటే కౌంటరు కాడ కూసున్నాయన చెప్పిందే. ఏ గడి నింపిండో, ఏది వదిలిండో తెల్వదు. ఆయన మంచోడైతే పని అయితది. కాకపోతే కొంప మునుగుతది. అవతలోడి మంచితనం మీద నిలబడేది హక్కు కాదు, భిక్ష. వేలిముద్ర పోయి ఓటీపీ వచ్చింది. కరణం పోయి కౌంటరు వచ్చింది. మోసపోయే మనిషి మాత్రం అదే వాడలో ఉన్నడు.

ఉద్యోగ పరీక్షల్లోనూ ఇదే కథ. చూపులేనోళ్ళకు రాసిపెట్టే మనిషి ఉంటడు, స్క్రైబ్ అంటరు. చుట్టాల్లో, తెలిసినోళ్ళలో చదువుకున్నోళ్ళు నలుగురుంటే మంచి స్క్రైబ్ దొరుకుతడు. వాడలో పుట్టిన పిల్లకు ఎవరు దొరుకుతరు? దొరికినాయన తప్పు రాస్తే మార్కులు పోయేది ఎవరివి?

ఈ కథకు ముగింపు ఉన్నది. దాని పేరు స్క్రీన్ రీడర్. తెలుగులో చెప్పాలంటే తెర చదివేది. కంప్యూటర్లో వేసుకుంటే తెర మీద ఉన్నదాన్ని గొంతుతో చదివి వినిపిస్తది. మనం నొక్కిన ప్రతి మీటను పలుకుతది. చూపులేనోళ్ళకు మౌస్‌తో పని లేదు, ఎందుకంటే బాణం గుర్తు ఎక్కడుందో చూస్తే తప్ప మౌస్ నడవదు. వాళ్ళకు దారి కీబోర్డే. చూపున్నోడు మౌస్‌తో చేసే దాదాపు ప్రతి పనినీ కీబోర్డుతో చెయ్యొచ్చు. ఉత్తరం రాయొచ్చు. ఫారం నింపొచ్చు. బ్యాంకు లెక్క చూసుకోవచ్చు. పత్రిక చదవొచ్చు. ప్రోగ్రాములు రాసే ఉద్యోగం కూడా చెయ్యొచ్చు, చేస్తున్నోళ్ళు ఉన్నరు.

ఈ పనిముట్టును ఎవరో జాలిపడి ఇచ్చిందనుకోవద్దు. 1989లో జాస్ అనే స్క్రీన్ రీడర్‌ను తెచ్చిన టెడ్ హెంటర్ ప్రమాదంలో చూపు పోయిన మనిషి. అది బాగా పనిచేస్తది గానీ దాని ధర కూలోళ్ళ ఇంటికి అందేది కాదు. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కర్రన్ అనే చూపులేని యువకుడు, ధర కట్టలేనోళ్ళకు ఊరికే దొరకాలని ఎన్.వి.డి.ఎ. అనే స్క్రీన్ రీడర్ మొదలుపెట్టిండు. చూపులేని ఇంకో యువకుడు జేమ్స్ టే ఆయనతో కలిసిండు. దానికి ఒక్క పైసా కట్టక్కర లేదు. దాన్ని పెన్ డ్రైవ్‌లో కూడా వేసుకోవచ్చు. జేబులో పెట్టుకుపోయి వేరే కంప్యూటర్‌కు పెట్టి నడపొచ్చు. ఈ-స్పీక్ అనే ఉచిత గొంతు దానితోనే వస్తది. అది తెలుగు కూడా చదువుతది. గొంతు గరగరలాడుతది గానీ మాట అర్థమైతది.

ఇంకా వెనక్కి పోతే లూయీ బ్రెయిలీ ఉన్నడు. 1809లో ఫ్రాన్సులో పుట్టిండు. తండ్రి గుర్రాల జీనులు, తోలు పట్టీలు కుట్టేటాయన. మూడేండ్ల పిల్లగాడు తండ్రి ఆరెతో ఆడుకుంటుంటే అది కంట్లో గుచ్చుకున్నది. చీము పట్టి రెండో కన్ను కూడా పోయింది. ఆ పిల్లగాడే పదిహేనేండ్ల వయసులో, 1824 నాటికి, వేళ్ళతో తడిమి చదివే చుక్కల లిపి తయారు చేసిండు. ఆ చుక్కలు పొడిచేది కూడా ఆరె లాంటి మొనదేలిన పుల్లతోనే. ఆరె, రంపె పట్టిన కులాల మనకు ఈ కథ ఎవరూ విప్పి చెప్పక్కర లేదు. తోలు పనోడి ఇంట్లో పుట్టినోడే లోకంలోని గుడ్డోళ్ళందరికీ అక్షరం ఇచ్చిండు. పనిముట్టు మన చేతికొస్తే మనమే దారి చేసుకుంటం. ఎవరో వచ్చి ఉద్ధరించేదాకా ఆగాల్సిన పని లేదు.

దారి చెప్పుడు వేరు, చెయ్యి పట్టి గుంజుడు వేరు

ఆదివారం పూట మేము బోరబండలో కొందరు చూపులేని పిల్లలతో కూసుంటున్నం. పాత కంప్యూటర్లు రెండు, కీబోర్డులు నాలుగు. ఇంతే ఆస్తి. కార్యకర్తలు ఎవరైనా తమ ఊర్లో ఈ పని మొదలుపెట్టొచ్చు. అందుకే పద్ధతి వివరంగా రాస్తున్నం.

మొదటి దినం కంప్యూటర్ వెయ్యొద్దు. కీబోర్డును ఒళ్ళో పెట్టండి. తడమనియ్యండి. ఎఫ్ మీద, జె మీద చిన్న గీత లాంటి బొడిపె ఉంటది. కుడిపక్క అంకెల గుంపులో 5 మీద కూడా ఉంటది. వాడ మలుపు కాడ నాటిన గుర్తురాయి లాంటివి అవి. ఎడమ చూపుడువేలు ఎఫ్ మీద, కుడి చూపుడువేలు జె మీద పెడితే మిగతా వేళ్ళన్నీ తమ తమ చోట్లల్లో కూసుంటయి. బొటనవేళ్ళు స్పేస్ బార్ మీద. ద్రోణాచార్యుడు ఏకలవ్యుడిని అడిగింది ఆ బొటనవేలే. మా తాతల చేత ముద్ర వేయించుకున్నది ఆ బొటనవేలే. ఇయ్యాల మాటకు మాటకు నడుమ జాగ పెట్టేది కూడా అదే. ఈసారి దాన్ని ఎవరికీ ఇచ్చేది లేదు.

రెండో దినం స్క్రీన్ రీడర్ వేసి, ఇన్సర్ట్ పట్టుకుని 1 నొక్కండి. అప్పుడు ఏ మీట నొక్కినా దాని పేరు మాత్రమే పలుకుతది. పని ఏదీ జరగదు. ఏమీ చెడిపోదు. మన పిల్లలకు అన్నిటికంటే పెద్ద రోగం భయం. ‘ముట్టుకోకు, ఖరాబ్ చేస్తవు’ అనే మాట పుట్టినప్పటి నుంచి వింటున్నరు. వాడ పిల్ల అయినందుకు ఒకసారి, చూపు లేనందుకు ఇంకోసారి. ఏం ముట్టుకున్నా ఖరాబ్ కాదు అని ఒక గంటసేపు తెలిస్తే సగం చదువు వచ్చినట్టే. మళ్ళీ ఇన్సర్ట్, 1 నొక్కితే ఆ పద్ధతి ఆగిపోతది.

తర్వాత నడక. ట్యాబ్ నొక్కితే ఒక గడి నుంచి ముందున్న గడికి పోతది. షిఫ్ట్ పట్టుకుని ట్యాబ్ నొక్కితే వెనక్కి వస్తది. బాణం మీటలతో వరుసలో పైకి కిందికి పోవచ్చు. ఎంటర్ కొడితే తలుపు తెరుచుకుంటది. ఎస్కేప్ కొడితే చాలాసార్లు వెనక్కి బయటపడొచ్చు. ఆల్ట్, ట్యాబ్ కలిపి కొడితే తెరిచి ఉన్న ఒక పని నుంచి ఇంకో పనికి మారొచ్చు. ఎక్కడున్నమో తెల్వకపోతే ఇన్సర్ట్, టి కొడితే తెర పేరు చెప్తది. గొంతు ఎక్కువ మాట్లాడుతుంటే కంట్రోల్ మీట ఒక్కటి కొడితే నోరు మూసుకుంటది. ఇది మొదట్లోనే నేర్పండి. ఎదుటోడి మాట ఆపే అధికారం మన పిల్లల చేతికి అరుదుగా వస్తది.

ఇంటర్నెట్ పేజీలో మొదటి నుంచి చివరి దాకా వినుకుంట కూసుంటే పొద్దు గూకుతది. చూపున్నోళ్ళు పత్రిక తెరిచి హెడ్డింగులు చూసి కావలసిన కాడ ఆగుతరు గదా. ఆ పని హెచ్ మీట చేస్తది. హెచ్ కొట్టినకొద్దీ ఒక శీర్షిక నుంచి ఇంకో శీర్షికకు దుంకుతది. కె కొడితే లింకులు, బి కొడితే బటన్లు, ఇ కొడితే రాసే గడులు, టి కొడితే పట్టికలు. ఇన్సర్ట్, ఎఫ్7 కొడితే లింకుల, శీర్షికల జాబితా ముందుకొస్తది. ఒక్క చిక్కు ఉంది. రాసే గడిలో ఉన్నప్పుడు హెచ్ కొడితే దుంకదు, హెచ్ అక్షరమే పడుతది. చదివే పద్ధతి వేరు, రాసే పద్ధతి వేరు. ఇన్సర్ట్, స్పేస్ కొడితే ఒకదాని నుంచి ఇంకోదానికి మారుతది. చాలామంది పిల్లలు ‘నాకు రాదు’ అని లేచిపోయేది ఈ మలుపు కాడనే. తప్పు వాళ్ళ బుర్రలో లేదని, ఇది యంత్రం తీరని ముందే చెప్పి నాలుగుసార్లు చేయించండి.

ల్యాప్‌టాప్‌లో ఇన్సర్ట్ మీట దొరకకపోతే క్యాప్స్ లాక్‌ను ఆ పనికి పెట్టుకోవచ్చు. ఏ స్క్రీన్ రీడరూ వెయ్యని విండోస్ 10, 11 కంప్యూటర్లలో కూడా విండోస్ మీట, కంట్రోల్, ఎంటర్ మూడూ కలిపి కొడితే నెరేటర్ అనే గొంతు లేస్తది. నెట్ సెంటర్లో ఇది పనికొస్తది.

అన్నిటికంటే ముఖ్యమైంది నేర్పేటోడి నడవడి. పిల్ల చెయ్యి పట్టి మీట మీద పెట్టి నొక్కించొద్దు. అది నేర్పుడు కాదు, మళ్ళీ వేలిముద్ర వేయించుడు. ‘ఇక్కడ నొక్కు, అక్కడ నొక్కు’ అనొద్దు. ‘ఇక్కడ’ అంటే చూపున్నోడికే అర్థమైతది. మీట పేరు చెప్పండి. తప్పు కొడితే మీరు దిద్దొద్దు, గొంతు ఏం చెప్పిందని అడగండి. నేర్పేటోడు ముందుగా తెర ఆర్పేసి, మౌస్ పీకేసి, వారం దినాలు తనే అట్ల పని చెయ్యాలె. అప్పుడు తెలుస్తది ఎంత కష్టమో, ఎంత సాధ్యమో. చూపులేనోళ్ళలో ఒకరు నేర్చుకుంటే తర్వాతి వాళ్ళకు వాళ్ళే పంతులు కావాలె. మేము పక్కకు జరగాలె.

మా దగ్గరికి వచ్చే ఒక చెల్లె తెలుగు మీడియంలో ఇంటర్ దాకా చదివింది. మూడు నెలలు కూసున్నది. ఒక ఆదివారం ఇయర్‌ఫోన్ పెట్టుకుని తన బ్యాంకు ఖాతాలో ఎంతుందో తనే చూసుకున్నది. విని కాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత, ఈ లెక్క ఇంకెవరికీ వినబడలేదు గదా అని మమ్మల్ని అడిగింది. ఖాతా తెరిచి ఆరేండ్లాయె. ఆరేండ్లుగా ఆమె పైసల సంగతి ఇంట్లో వాళ్ళకు, పక్కింటోళ్ళకు, కౌంటరు వాళ్ళకు తెలుసు. ఆమెకు మాత్రం అందరికంటే చివర తెలిసేది. ఆత్మగౌరవం గురించి మనం సభల్లో గంటలు గంటలు మాట్లాడుతం. ఆమెకు ఆ దినం అది ఇయర్‌ఫోన్‌లో వినబడింది.

గోడ కట్టిందెవరు?

ఇంత నేర్చుకున్న పిల్ల కూడా ఒక కాడ ఆగిపోతది. తన తప్పు లేకుండానే ఆగిపోతది. ఉద్యోగం ఫారం తెరుస్తది. గొంతు ‘బటన్, బటన్, బటన్’ అంటది. ఏ బటన్ దేనికో పేరు రాయలేదు. పుట్టిన తేదీ గడిలో క్యాలెండర్ బొమ్మ, మౌస్‌తో నొక్కితే తప్ప నడవదు. బొమ్మలో వంకర అక్షరాలు పెట్టి, చూసి రాయమంటది. ఇవన్నీ తడుముకునే లోపల టైం అయిపోయిందని బయటికి గెంటేస్తది. జీవో డౌన్‌లోడ్ చేస్తే కాయితాన్ని ఫోటో తీసి పెట్టిన్రు. ఫోటోలో అక్షరాలు స్క్రీన్ రీడర్‌కు అక్షరాలు కావు, బొమ్మ. ఇగ తెలుగు పాత ఫాంట్లలో కొట్టిన పుస్తకాలైతే గొంతు ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలిపి పిచ్చికూతలు చదువుతది. తెలుగుకు యూనికోడ్‌లో 1991లోనే జాగ దొరికింది. అందులో కొడితే తెలుగు వచ్చిన ఏ గొంతైనా చదువుతది.

ఏ పనైనా మౌస్ లేకుండా చేసుకునే వీలుండాలని లోకంలో వెబ్‌సైట్ల నియమాలు రాసే డబ్ల్యు3సి అనే సంస్థ 1999 మేలోనే చెప్పింది. అంటే సైబర్ టవర్స్ తలుపు తెరిచిన ఆరు నెలలకే. మన కేంద్ర ప్రభుత్వం తన వెబ్‌సైట్లకు 2009లో మార్గదర్శకాలు పెట్టుకున్నది. నియమం తెలియక కాదు. బటన్‌కు ఒక పేరు రాయడానికి ఒక్క వాక్యం చాలు. రాయలేదు. ఎందుకంటే ఆ పేజీ తయారు చేసేటోడి ఊహలో ఈ పిల్ల లేదు. ఊరి బావి తవ్వినప్పుడు మన తాతలు ఊరోళ్ళ ఊహలో ఎట్ల లేరో, ఇదీ అట్లనే. బావి కాడ మనల్ని ఆపినోడు ‘ఇది ఆచారం’ అన్నడు. వెబ్‌సైట్ కాడ ఆపేటోడు ‘ఇది టెక్నికల్ ప్రాబ్లం’ అంటడు. రెండూ మనుషులు కట్టిన గోడలే.

చట్టం మన పక్కన ఉంది. 1995 చట్టం సర్కారు ఉద్యోగాల్లో వికలాంగులకు 3 శాతం ఇచ్చింది. 2016 చట్టం దాన్ని 4 శాతం చేసింది. అందులో 1 శాతం అంధులకు, చూపు తక్కువున్నోళ్ళకు. కంప్యూటర్ సమాచారం అందరికీ అందేటట్టు ఉండాలని కూడా అదే చట్టం చెప్పింది. ఈ నియమాలు చేస్తే చెయ్యొచ్చు, లేకుంటే లేదు అన్నట్టు ఉండొద్దని, తప్పనిసరి చెయ్యాలని 2024 నవంబర్ 8న సుప్రీంకోర్టు రాజీవ్ రాటూరి కేసులో తేల్చింది. ఆ కేసు వేసింది చూపులేని మనిషి, వేసింది 2005లో. చూపు లేదన్న కారణంతో జడ్జి ఉద్యోగానికి పనికిరారనడం చెల్లదని 2025 మార్చి 3న చెప్పింది. 2025 ఏప్రిల్ 30న ఇంకో తీర్పు వచ్చింది. బ్యాంకుల్లో మనిషిని గుర్తుపట్టేందుకు కెమెరా ముందు కన్ను ఆర్పమంటరు. యాసిడ్ దాడిలో రెప్పలు కాలిపోయినోళ్ళు ఎట్ల ఆర్పుతరు? చూపులేనోళ్ళు కెమెరాకు ఎట్ల ఎదురు పెడతరు? వాళ్ళే కోర్టుకు పోయిన్రు. కంప్యూటర్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనని కోర్టు చెప్పింది. బాబాసాహెబ్ రాసిన రాజ్యాంగం కీబోర్డు దాకా వచ్చింది. ఆ కీబోర్డు బోరబండ దాకా రావాలె. అది మన పని.

‘ఇది కూడా కులం ప్రశ్నేనా?’

ఇట్ల అడిగేటోళ్ళు ఉన్నరు. మేము తిరిగి అడుగుతం. ఆ 1 శాతం ఉద్యోగాల్లో వాడల నుంచి వచ్చినోళ్ళు ఎంతమంది? లెక్క బయట పెట్టండి. హైదరాబాదులో చూపులేనోళ్ళ కోసం మంచి సంస్థలు లేక కాదు. బేగంపేటలో దేవ్‌నార్ బడి ఉంది. బంజారాహిల్స్‌లో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది, అక్కడ చూపు తిరిగిరాని వాళ్ళకు పునరావాస శిక్షణ కూడా ఉంది. కానీ అట్లాంటివి ఉన్నయని తెలిసేది ఎవరికి? చెయ్యి పట్టుకుని తీసుకపోయేటందుకు ఒక దినం కూలి వదులుకోగలిగేది ఎవరు? కన్నులేని బిడ్డను కన్నందుకు అమ్మనే తిట్టే ఊర్లో, ఆడపిల్లను అంత దూరం పంపేది ఎవరు? చూపు లేకపోవడం ఒక గోడ. దాని మీద కులం ఇంకో గోడ. ఆడపిల్ల అయితే మూడో గోడ.

బొల్లా శ్రీకాంత్ కథ అందరూ చెప్తరు. మచిలీపట్నం పక్క ఊరి పిల్లగాడు. పది తర్వాత చూపులేనోనికి సైన్సు ఇయ్యమంటే కోర్టుకు పోయి గెలిచి చదివిండు. అమెరికాలో ఎం.ఐ.టి.లో చదివి వచ్చి 2012లో హైదరాబాదులో కంపెనీ పెట్టిండు. 2024లో సినిమా వచ్చింది. ఆయనకు మా సలాం. కానీ ఆ సినిమా చూపించి ‘పట్టుదల ఉంటే ఎవరైనా గెలుస్తరు’ అనేటోళ్ళతో మాకు పేచీ ఉన్నది. ఈ మాట మనకు కొత్తది కాదు. మనలో ఒక్కడు కలెక్టరైతే అతన్ని చూపించి మిగతా వాడనంతా సోమరిపోతులనేది ఈ నోళ్ళే. ఒక్కరు గెలిస్తే సినిమా తీస్తరు. వెయ్యిమంది తలుపు కాడ ఆగిపోతే లెక్క కూడా రాయరు.

ఇంకొందరు ‘ఫోన్ ఉంది గదా, ఫోనే మాట్లాడుతది, కీబోర్డెందుకు?’ అంటరు. ఫోన్‌లో టాక్‌బ్యాక్ మంచిదే, అదీ నేర్పుతున్నం. కానీ ఆఫీసుల్లో పని నడిచేది కంప్యూటర్ మీద, పరీక్షలు పెట్టేది కంప్యూటర్ మీద. ఫోన్ చాలనుకునేటోళ్ళు తమ పిల్లలకు ల్యాప్‌టాప్ ఎందుకు కొంటున్నరు? కృత్రిమ మేధ వచ్చింది, అడిగితే అన్నీ అదే చెప్తదనే మాట కూడా వింటున్నం. చెప్తది. తప్పు కూడా చెప్తది. అది చెప్పింది సరైందో కాదో తన చేతులతో తెరిచి చూసుకోలేనోడికి అది ఇంకో కరణం.

‘చూపున్న పిల్లలకే కొలువుల్లేవు’ అని మనోళ్ళే అంటరు. ఈ మాట మనం నోట పెట్టొద్దు. ‘మా పిల్లలకే లేవు, మీకు రిజర్వేషన్లా?’ అన్నోళ్ళ మాటకు ఇది అన్నదమ్ముల మాట.

పేరు గురించి కూడా ఒక మాట. మనల్ని ఒకాయన ‘హరిజనులు’ అన్నడు. దేవుని పిల్లలని పేరు పెట్టి బావి కాడికి రానియ్యలేదు. ఆ పేరు మనం విసిరి కొట్టినం. 2015 డిసెంబర్‌లో ప్రధాని మోదీ వికలాంగులను ‘దివ్యాంగులు’ అనాలన్నడు. వికలాంగుల హక్కుల సంఘాలు చాలా అప్పుడే వద్దన్నయి. దివ్యమైన అంగం ఎవరికి కావాలె? పేరున్న బటన్ కావాలె. 2018 ఆగస్టు 15న తెలంగాణలో ‘కంటి వెలుగు’ పెట్టి ఊరూరా పరీక్షలు చేసి కళ్ళద్దాలు ఇచ్చిన్రు. మంచి పని. కళ్ళద్దాలతో కూడా చూపు రాదని తేలినోళ్ళకు ఏమిచ్చిన్రు? వాళ్ళకు ఇయ్యాల్సింది కీబోర్డు.

మనం చెయ్యాల్సింది, సర్కారుతో చేయించాల్సింది

సర్కారును మనం అడిగేది ఇది. ప్రతి మండల కేంద్రంలో, నగరంలో ప్రతి బస్తీకి దగ్గర్లో చూపులేనోళ్ళకు తెలుగులో కంప్యూటర్ నేర్పే కేంద్రం పెట్టాలె. నేర్పేటోళ్ళలో సగం మంది చూపులేనోళ్ళే ఉండాలె, జీతం ఇవ్వాలె. సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చూపులేని పిల్లలను చేర్చుకుని, ప్రతి కంప్యూటర్ గదిలో స్క్రీన్ రీడర్ వెయ్యాలె. సర్కారు ఫారం ఏదైనా జనంలోకి వదిలే ముందు చూపులేని మనిషి కూసుని మౌస్ లేకుండా మొదటి నుంచి చివరి దాకా నింపి చూడాలె. నింపలేకపోతే అది వదలొద్దు. జీవోలు, నోటిఫికేషన్లు ఫోటోలుగా కాదు, యూనికోడ్ అక్షరాలుగా పెట్టాలె. వికలాంగుల కోటా ఉద్యోగాలు ఏ కులాలకు ఎన్ని దక్కినయో ఏటేటా ప్రకటించాలె.

హైటెక్ సిటీ కంపెనీలను అడిగేది ఒక్కటే. దీపావళికి మా బస్తీకి వచ్చి మిఠాయి పెట్టెలు పంచి ఫోటోలు దిగుడు బంద్ చెయ్యండి. మీరు తయారు చేసే పేజీ మౌస్ లేకుండా నడుస్తదో లేదో చూడండి. చూడడానికి చూపులేని మనిషినే కొలువులో పెట్టుకోండి.

ఇగ మన పని. కార్యకర్తలారా, మీ ఊర్లో, మీ వాడలో చూపులేని పిల్లలు ఎంతమంది ఉన్నరో ఈ నెలలోనే ఇల్లిల్లూ తిరిగి రాయండి. వాళ్ళకు వైకల్య ధ్రువపత్రం ఉందా, పింఛను వస్తున్నదా, ఎంతవరకు చదివిన్రు, ఈ మూడూ అడగండి. అంబేద్కర్ భవనంలో, కమ్యూనిటీ హాల్లో ఒక మూల ఒక పాత కంప్యూటర్ పెట్టండి. జయంతి నాడు ఫ్లెక్సీకి పెట్టే పైసల్లో ఒక వంతు తీస్తే కీబోర్డు, ఇయర్‌ఫోన్ వస్తయి. ఉద్యమ కరపత్రాలు, పత్రికలు అన్నీ యూనికోడ్‌లో కొట్టించి, ఆ ఫైలు చూపులేనోళ్ళ ఫోన్లకు పంపండి. మన మాట మనలో చివరోడికి వినబడాలె. సభల్లో వాళ్ళను ముందు వరుసలో కూసోబెట్టి శాలువా కప్పి పంపియ్యొద్దు. మైకు ఇయ్యండి.

తల్లులారా, తండ్రులారా, చూపులేదని బిడ్డను మూలకు కూసోబెట్టకండి. వారానికి ఒక్క దినం బయటికి పంపండి. వేళ్ళు పదీ ఉన్నయి. చెవులు రెండూ ఉన్నయి. చదువు నేర్వనీయకుండ మూడు వేల ఏండ్లు మన చెవుల్లో సీసం పోస్తమన్నరు, నాలుకలు కోస్తమన్నరు. అయినా చదివినం. ఇయ్యాల మన బిడ్డ చెవితోనే చదువుతున్నది, వేళ్ళతోనే రాస్తున్నది. అడ్డం ఉండేటోళ్ళను పక్కకు జరగమందాం.

జై భీమ్!